గోచీ పోసి ఆడిన ఏడాది

ఆ మధ్య ఒక సాయంత్రం టీవీలో అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ కాసేపు చూశాను. పేరుకి ఫుట్‌బాలే గాని కాలితో తన్నేది తక్కువ, మనిషిని మనిషి కుమ్మేది ఎక్కువ. తలకి చట్రం బిగించిన టోపీ, భుజాలకి దిండ్లు, మోకాళ్ళకి మెత్తలు. అంత సరంజామాతో దిగి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతుంటే చూసేవాళ్ళు ఊగిపోతున్నారు. ఆడుతున్న జట్టు ఈ ఏడాది ఎక్కడెక్కడ ఆడింది, ఎవరి చేతిలో ఓడింది, ఇంకెన్ని గెలిస్తే గట్టెక్కుతుంది అని మధ్య మధ్య ఒకాయన గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. నాకు నవ్వొచ్చింది. మా జట్టుకీ అలాంటి ఏడాది ఒకటుంది. మాకు దిండ్లు లేవు, మెత్తలు లేవు. ఆ ఏడాది గురించి ఏ టీవీ వాడూ చెప్పడు కాబట్టి నేనే చెబుతాను.

మాది తెనాలి ఆడపిల్లల హైస్కూలు చెడుగుడు జట్టు. స్కూలు వాళ్ళు కబడ్డీ అని రాసేవారు, మేం చెడుగుడు అనే అనేవాళ్ళం. అరవైలు దాటి డెబ్బైలు మొదలైన కొత్తల్లో మాట. నేను కెప్టెన్ని. ఎందుకయ్యానంటే, నా నోరు మూతపడదు. ఇంట్లో అది తిట్టు, బరిలో అదే అర్హత. కూత పెట్టి అవతలి వాళ్ళ గీత దాటాక, ఊపిరి తెగకుండా తిరిగి మన వైపుకి రావాలి కదా. చిన్నప్పటినుంచీ ఎవరికీ మధ్యలో మాట్లాడే సందు ఇవ్వకుండా మాట్లాడటం అలవాటైన దాన్ని, నాకు అదేమీ కష్టమనిపించలేదు.

అయితే జట్టుకి అసలు బలం నేను కాదు. సూర్యలంక నుంచి వచ్చిన పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళ పల్లెలో హైస్కూలు లేదు. అందుకని తెనాలి చేపల మార్కెట్టు వెనక సందులో, ఎండుచేపలమ్మే అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేది. మాట తక్కువ, మనిషి సన్నం. చూస్తే గాలికి ఎగిరిపోతుందేమో అనిపించేది. కాని అవతలి పిల్ల కూతకొచ్చి మా వైపు అడుగుపెట్టి, ఈ పిల్ల చేతికి కాలో చెయ్యో చిక్కిందా, ఇక అంతే. మడమలు నేలలో పాతి, వెనక్కి వాలి, నడుముతో లాగేది. ఆ పట్టు ఎక్కడ నేర్చుకున్నావే అని అడిగితే, "నేర్చుకోడమేంటి? అలివి వల లాగుతాం గదా" అంది.

సముద్రంలో అర్ధచంద్రంగా పరిచిన పెద్ద వలకి రెండు కొసలా తాళ్ళుంటాయి. ఆ తాళ్ళు పట్టుకుని ఒడ్డు మీదికి లాగుతారు. మగవాళ్ళే కాదు, ఆడవాళ్ళూ పిల్లలూ కూడా పడతారు. తాడు పట్టిన వాళ్ళకే పడిన చేపల్లో పాలు. వాళ్ళ నాన్న పోయాక ఆ ఇంటి తరఫున తాడు పట్టేది వాళ్ళమ్మ ఒక్కతే. పిల్ల కూడా వెళ్ళి పడితే ఇంకో పాలు వస్తుంది. అందుకే వాళ్ళమ్మ గట్టిగా చెప్పేసింది. మాఘ పున్నమి దాకా చదువుకో, ఆ తర్వాత వచ్చెయ్యి అని.

ఈ సంగతి తెలిసి మా డ్రిల్లు టీచరమ్మ ఓ దారి చెప్పింది. జిల్లా జట్టులోకి ఎంపికైన పిల్లలకి డ్రిల్లు టీచరు ట్రైనింగులో సీటు దొరుకుతుంది. ట్రైనింగైతే ఉద్యోగం వస్తుంది. ఆ ఎంపిక జరిగేది బాపట్లలో, సరిగ్గా మాఘ పున్నమి నాడు, సముద్రస్నానాలకి జనం వచ్చినప్పుడు పెట్టే పోటీల్లో. అక్కడ దాకా మా జట్టు నెగ్గుకుంటూ వెళ్ళాలి. వెళితే ఆ పిల్లకి ఉద్యోగం, లేకపోతే తాడు. మాకు ఆ ఏడాది ఆట అంటే ఇదీ.

మొదటి పోటీ రేపల్లెలో. దసరా సెలవులయ్యాక, తెనాలిలో రేపల్లె బండెక్కి, దారి పొడుగునా మరమరాలు నములుతూ వెళ్ళాం. అందరం లంగా ఓణీల్లోనే. లంగా ఎగదోపి, ఓణీ నడుముకి చుట్టి, పిన్నీసులు పెట్టుకున్నాం. ఆడపిల్లల చెడుగుడు అంటే రేపల్లె ఊరంతా కదిలొచ్చింది. ఆట చూద్దామని వచ్చినవాళ్ళు కొందరు. మిగతావాళ్ళు ఎందుకొచ్చారో మీకు తెలుసు, నాకూ తెలుసు.

రెండో సగంలో నేను కూతకెళ్ళాను. ఇద్దర్ని తాకాను. వెనక్కి దూకుతుంటే వాళ్ళ పిల్ల ఒకతి నా చెయ్యి అందుకోబోయి ఓణీ అందుకుంది. పిన్నీసు ఊడింది. ఓణీ ఆ పిల్ల చేతిలో ఉంది, నేను ఇంకా గీతకి అవతలే నేల మీద ఉన్నాను. చెయ్యి చాపితే గీత అందుతుంది. అందితే పాయింట్లు మావి, ఆట మాది. నేను చెయ్యి చాపలేదు. రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాను. ఈలలు, చప్పట్లు, నవ్వులు. సూర్యలంక పిల్ల పరుగెత్తుకొచ్చి తన ఓణీ తీసి నా మీద కప్పింది. అప్పుడు ఆ పిల్లని చూసి ఈలలు వేశారు.

ఓడిపోయాం. ఏడ్చాననుకుంటున్నారేమో, ఏడవలేదు. ఒళ్ళు మండిపోయింది. ఓణీ లాగిన పిల్ల మీద కాదు, పాపం తనూ బిత్తరపోయింది. ఈలలు వేసిన వాళ్ళ మీద కూడా కాదు. నాకు మండింది ఆ గుడ్డ మీద. గెలిచే ఆటని ఒక పిన్నీసు ఓడించింది. మొదట్లో ఓడినా తర్వాతి పోటీలు గెలిస్తే లెక్కలోకి వస్తాం కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పిల్ల బతుకు ఆ పిన్నీసుతోనే తేలిపోయేది.

మేం తెనాలి స్టేషన్లో దిగేసరికి మా కంటే ముందే కబురు దిగింది. మా నాన్న సంస్కృతం మేష్టారు. కోప్పడటం చేతకాని మనిషి. "నేను రేపు క్లాసులోకి ఎట్లా వెళ్ళను?" అని మాత్రం అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు ఆట ఆపెయ్యమంది. డ్రిల్లు టీచరమ్మ బతిమాలి, పిల్లలకి నిక్కర్లు కుట్టిద్దామంది. అంతే, తల్లిదండ్రులందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని వీధిలో గెంతుతారా అని.

తెనాలి సంగతి మీకు తెలియనిదేముంది. నాటకాల ఊరు. మీసాలు గొరిగించుకుని, పట్టుచీరె కట్టి, వాలుజడ వేసి మగవాడు స్టేజీ మీద నడుం తిప్పుతూ పద్యం అందుకుంటే, ఇదే ఊరు వన్స్ మోర్ అని అరిచి మెడలో నోట్ల దండ వేసేది. మగవాడు ఆడవేషం కడితే కళ. ఆడపిల్ల ఓణీ బిగించి ఆడితే అల్లరి. నాకు ఆనాడు కూడా ఇది తెలుసు. మా నాన్నతో అన్నాను కూడా. "మాటకి మాట చెప్పడం కాదమ్మా" అన్నాడు. ఇంకేం చేస్తారు, జవాబు లేనప్పుడు అందరూ అదే అంటారు.

జట్టు ఉంటుందా పోతుందా అని మేం వరండాలో కూర్చుని గొణుక్కుంటున్న ఓ మధ్యాహ్నం, సూర్యలంక పిల్ల లేచి టీచరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"ఊడిపోయే బట్ట కట్టుకుని ఆడటం ఏంటండి? మా అమ్మోళ్ళు నడుం లోతు నీళ్ళల్లో నిలబడి వల లాగుతారండి. అలొచ్చి కొట్టినా కొంగు కదల్దు. గోచీ పోసుకుందామండి."

అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. గోచీ పోయడమంటే కుచ్చెళ్ళని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి నడుం దగ్గర గట్టిగా దోపడం. చీర చీరగానే ఉంటుంది, కాళ్ళు మాత్రం మనవవుతాయి. మర్నాడు వాళ్ళ అమ్మమ్మవి పాత నేతచీరలు ఆ పిల్లే మూటగట్టి తెచ్చింది. ఎంత ఉతికినా కాస్త చేపల వాసన ఉంది. ఒకరిద్దరు మూతి ముడిచారు. "కట్టుకుంటారా, లంగాల్లో వెళ్ళి మళ్ళీ ఈలలు వేయించుకుంటారా?" అన్నాను నేను. క్లాసు గది తలుపేసి అందరికీ తనే కట్టింది. కట్టి, కొంగు ఒక భుజం మీద నుంచి తెచ్చి నడుం చుట్టూ బిగించి, "లాగండి" అంది. ఇద్దరేసి పట్టుకుని లాగాం. ఒక్కటి కూడా ఊడలేదు. నిక్కరు కాదు, చీరే కదా అని హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా సరే అంది.

తనే కట్టినంత కాలం బాగానే ఉంది. నాకు నేను కట్టుకుంటే మటుకు నాలుగడుగులు వేసేసరికి వెనక దోపు జారిపోయేది. ఒక ఆదివారం పొద్దున్నే ఇంట్లో పెరటి వసారాలో కట్టుకుంటూ, విప్పుకుంటూ, తిట్టుకుంటూ ఉన్నాను. వంటింటి గుమ్మంలో మా బామ్మ నిలబడి చూస్తోంది. నాన్నకి అమ్మ. మడి కట్టుకుంది. అంటే తెల్లవారుజామునే తడిపి ఎవరూ తాకకుండా ఆరేసిన చీర కట్టుకుని, వంట అయ్యేదాకా ఎవర్నీ ముట్టుకోదు. నేను ఎన్నేళ్ళుగానో చూస్తున్న బామ్మని ఆ పూట కొత్తగా చూశాను. తను కట్టుకున్నది గోచీయే. జన్మంతా గోచీ పోసి చీర కట్టిన మనిషి.

"ఎందుకే ఆ తిప్పలు?" అంది.

"చెడుగుడు ఆడటానికి."

"ఆడపిల్లలు చెడుగుడేంటే, మీ మొహాలు మండా! మీ నాన్నకి తెలుసా?"

"తెలుసు. బాధపడుతున్నాడు."

బామ్మ ఇంకా ఏదో అనబోయింది. ఆలోగా నా వెనక దోపు మళ్ళీ జారింది. అది చూసి ఆవిడ ఆగలేకపోయింది. ఆడపిల్ల చెడుగుడు ఆడటం కంటే, తన కళ్ళెదుట గోచీ తప్పుగా కట్టడం ఆవిడకి ఎక్కువ కష్టమనిపించింది.

"అట్లా కాదే మొద్దూ! ముందు కుచ్చెళ్ళు తక్కువ పెట్టు. సగం వదిలెయ్. ఆ వదిలిన కొస కిందినుంచి తియ్. అటు కాదు! ఎడం చేత్తో పట్టుకుని కుడిచేత్తో మడతపెట్టు. వేళ్ళు నడుంలోకి దిగేదాకా దోపు. నేను మడిలో ఉన్నాను గాని, లేకపోతే వచ్చి వీపు మీద ఒకటిచ్చి కడుదును!"

ముట్టుకోకూడదు కాబట్టి గుమ్మంలోనే నిలబడి, గరిటె ఊపుతూ, అరిచి అరిచి చెప్పింది. పొయ్యి మీద పప్పు అడుగంటింది. వాసన వస్తున్నా వెళ్ళలేదు. నేను గోచీ బిగించి పెరట్లో అటూ ఇటూ దూకి చూపించాను. జారలేదు. "ఊఁ" అని లోపలికి వెళ్ళింది. ఆ రోజు పప్పు మాడిందని నాన్న అంటే, "నోరుమూసుకుని తిను" అంది బామ్మ.

కొలకలూరులో ఆడాం. ఎడ్లబండ్లు వరసగా నిలిపి వాటి మీదెక్కి కూర్చున్నారు జనం. మేం బరిలోకి వస్తుంటే ఒకడు, "ఏమ్మోవ్, చేపలెట్లా ఇస్తారు?" అన్నాడు. అందరూ నవ్వారు. సూర్యలంక పిల్ల వాడి వైపు చూసి, "ఆటయ్యాక రా అన్నా, చెబుతాను" అంది. ఆట మొదలైన కాసేపటికి ఆ పిల్ల కూతకొచ్చినవాళ్ళని వచ్చినట్టే పట్టి కూర్చోబెడుతుంటే బండ్ల మీద నవ్వులు ఆగిపోయాయి. సగం ఆటకి చప్పట్లు మొదలయ్యాయి. ఆ ఊళ్ళో ముసలమ్మ ఒకావిడ మజ్జిగ కుండ తెచ్చి మా అందరికీ పోసింది. "పొలంలో మేమూ ఇట్టాగే కడతాం గదమ్మా, ఎవడేమన్నాడు?" అంది. చేపల ధర అడిగినవాడు మాత్రం ఆటయ్యాక ఎక్కడా కనపడలేదు.

తర్వాత మళ్ళీ రేపల్లె. అదే బరి, అదే జనం, ఓణీ లాగిన అదే జట్టు. నేను కూతకి వెళ్ళినప్పుడు వెనక ఎవడో ఈల వేశాడు. ఇద్దరు నా నడుం పట్టారు. కొంగు పట్టుకు లాగారు, కదల్లేదు. వాళ్ళిద్దర్నీ ఈడ్చుకుంటూ వెళ్ళి గీత మీద చెయ్యి వేశాను. ఒళ్ళంతా గీరుకుపోయింది, మోచేయి చిట్లింది. లేచి నిలబడి ఈల వచ్చిన వైపు తిరిగి, నేనే గట్టిగా ఈల వేశాను. మా నాన్న నాకు నేర్పని విద్య అది. టీచరమ్మ తిట్టింది. తిట్టనీండి. ఆ ఈల గురించి నేను ఇప్పటికీ చింతించడం లేదు.

రెండు పోటీలూ గెలిచి, అట్లా బాపట్ల చేరాం.

మాఘ పున్నమి నాడు బాపట్ల బాపట్లలా ఉండదు. తెల్లవారక ముందు నుంచీ బండ్లు, బస్సులు, నడిచేవాళ్ళు, అందరూ సూర్యలంక దారినే. స్నానాలు చేసి తడిబట్టలు భుజాన వేసుకుని తిరిగొచ్చే జనం పొద్దెక్కేసరికి రోడ్డంతా నిండిపోతారు. ఆ రోడ్డు పక్క మైదానంలోనే బరి గీశారు. జిల్లా జట్టుకి పిల్లల్ని ఎంచడానికి గుంటూరు నుంచి ఒక సారు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సూర్యలంక పిల్ల తల్లి కూడా వచ్చింది. నల్లటి మనిషి, గోచీ పోసిన చీర, చేతులు తాళ్ళకి కాయలు కాసి బండబారిపోయాయి. ఆట చూడటానికి కాదు, పిల్లని తీసుకుపోడానికి వచ్చింది. ఆ పిల్ల పుస్తకాల సంచీ అప్పటికే ఆవిడ చంకలో ఉంది.

మేం బట్టలు కట్టుకుని బయటికి రాగానే పోటీల కమిటీ పెద్దాయన ఆపాడు. ప్లీడరీ చేసి మానేసిన మనిషి. మంచి మాటకారి, తెల్లటి పంచె, చేతికర్ర. అవతలి జట్టు పిల్లలు లంగా ఓణీల్లో పిన్నీసులు సర్దుకుంటున్నారు.

"ఏమ్మా టీచరుగారూ, ఇదేంటండి? ఇది స్కూలు పిల్లల పోటీ. పెద్దవాళ్ళు వస్తారు, కుటుంబాలొస్తాయి. చేపలమ్ముకునే వాళ్ళ వేషంలో పిల్లల్ని తీసుకొస్తారా? మర్యాదగా ఓణీలు వేసుకుని రమ్మనండి. లేకపోతే ఆట లేదు."

టీచరమ్మ తల వంచుకుని ఓణీల సంచీ అందుకుంది. ఉద్యోగం చేసుకునే ఆవిడ, నేను తప్పు పట్టను. నాకు ఉద్యోగం లేదు. "మేం మార్చుకోమండి" అన్నాను.

"అయితే ఆడరు" అన్నాడాయన.

అప్పుడు సూర్యలంక పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది. "మార్చుకుందామే. ఓణీ వేసుకుని ఆడతాను. నాకు ఇదొక్క ఆటే ఉంది" అంది.

నా కోపం అక్కడ ఆగింది. నా మాట నెగ్గించుకుంటే నాకేం పోయింది? మా నాన్న నన్ను కాలేజీలో చేరుస్తాడు. పోయేది ఈ పిల్లకి. కాని ఓణీతో దిగితే ఆ పిల్ల మడమలు పాతి వెనక్కి వాలలేదు. ఆ పట్టు పడదు. పట్టు లేకపోతే ఎంపిక లేదు. ఎటు చూసినా గోడే. నాకు మాట రాని సందర్భాలు జీవితంలో చాలా తక్కువ, అందులో అదొకటి.

మాట వచ్చింది వాళ్ళమ్మకి. పిల్ల ఆడినా ఆడకపోయినా ఆవిడకి పట్టలేదు అప్పటిదాకా. పెద్దాయన మాట చెవిన పడింది.

"విప్పమాక" అంది కూతురితో. "ఇది కట్టుకునే నిన్ను కన్నాను, ఇది కట్టుకునే సాకాను. ఇదేదో సిగ్గుమాలిన బట్ట అని విప్పేసేదానివైతే నా గడప తొక్కమాక."

"నువ్వెవరమ్మా మధ్యలో? వెనక్కి జరుగు" అన్నాడు పెద్దాయన.

జనం మూగారు. ఇంతలో ఆ మూకలోంచి, "జరగండి, జరగండి, తాకకండి" అని ఒక గొంతు వినపడింది. ఆ గొంతు నాకు తెలియకపోతే ఎట్లా. బామ్మ! రానని చెప్పింది. సముద్రస్నానానికి వెళ్ళి, స్నానం చేసి, వెంట తెచ్చుకున్న మడిచీర కట్టుకుని, గుళ్ళోకి వెళుతూ, దారిలోనే కదా అని ఇటు తిరిగిందట. మడిలో ఉందని జనం రెండు వైపులకీ తప్పుకుని దారిచ్చారు. బరి అంచు దాకా వచ్చి నిలబడింది. పెద్దాయన నమస్కారం పెట్టాడు. మా నాన్న సంస్కృతం చెప్పిన వాళ్ళలో ఆయన కొడుకు ఒకడు.

నాకు మాట తిరిగొచ్చింది. "చూడండి. మా బామ్మ ఏ కట్టు కట్టుకుందో చూడండి. ఆవిడని కూడా మర్యాదగా మార్చుకు రమ్మంటారా?"

జనంలో నవ్వు మొదలైంది. పెద్దాయన ఎర్రబడ్డాడు. "తప్పమ్మా, అది మడి. ఇది వేరు, అది వేరు" అన్నాడు.

బామ్మకి సంగతి సగమే అర్థమైంది. కాని మడి గురించి ఎవరో తప్పు మాట్లాడారన్నది మటుకు పూర్తిగా అర్థమైంది. ఆ విషయంలో ఆవిడ ఎవర్నీ వదలదు.

"మడి బట్టకుంటుంది నాయనా, కట్టుకుండదు. తడిపి ఆరేసి, ఎవరూ ముట్టుకోకపోతే మడి. కట్టు కట్టే. నేను పొయ్యి దగ్గర వంగి లేవాలి, అందుకని పోసుకున్నాను. ఆ అమ్మాయి వల లాగాలి, పోసుకుంది. ఈ మొద్దు గంతులెయ్యాలి, పోసుకుంది. ఒళ్ళొంచి పనిచేసే ఆడది ఎవతైనా ఇట్లాగే కడుతుంది. కుర్చీలో కూర్చునే వాడివి, నీకేం తెలుసు?"

ఆ మాట అంటున్నప్పుడు కూడా బామ్మ ఆ తల్లికి రెండు గజాల దూరంలోనే నిలబడి ఉంది. తన చీర కొస అటు తగలకుండా చేత్తో దగ్గరికి పట్టుకుంది. అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అయినా ఆ పూట ఆ మైదానంలో మా పక్షాన మాట్లాడిన పెద్దవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరూ వీళ్ళే.

గుంటూరు సారు కుర్చీలోంచి గడియారం చూసుకుని, "రూల్సులో బట్టల గురించి ఏం లేదండి, మొదలుపెట్టించండి" అన్నాడు. పెద్దాయన కర్ర టకటకలాడించుకుంటూ పక్కకి పోయాడు. మళ్ళీ మా వైపు చూడలేదు.

ఆట ఓడిపోయాం. గెలిచామని చెబితే మీకు బాగుండేది, నాకూ బాగుండేది. ఒక్క పాయింటుతో ఓడాం. ఆఖరి కూత నాదే, గీత దగ్గర ఊపిరి తెగింది. అందులో ఎవరి కుట్రా లేదు, పిన్నీసూ లేదు, అవతలి వాళ్ళు బాగా పట్టారు. కాని సూర్యలంక పిల్ల ఆడిన ఆట నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. వాళ్ళలో పొడుగు పిల్ల ఒకతి, ఎవరికీ దొరకదని జిల్లా అంతా పేరు. ఆ పిల్ల కూతకొచ్చినప్పుడల్లా చీలమండ పట్టుకుని వెనక్కి వాలిపోయేది మా పిల్ల. ఆ పొడుగు పిల్ల చివరికి మా వైపు ఆ మూలకి రావడమే మానేసింది. తడిబట్టల జనం స్నానం సంగతి, గుడి సంగతి మరిచిపోయి అరిచారు. వాళ్ళమ్మ మాత్రం అరవలేదు. కూతురు పట్టు పట్టినప్పుడల్లా తన వేళ్ళు కూడా బిగుసుకోవడం నేను చూశాను.

ఆటయ్యాక గుంటూరు సారు ఎంపికైన వాళ్ళని పిలిచాడు. నన్ను పిలవలేదు. ఒళ్ళు మండింది. ఆ పిల్లని పిలిచాడు. నా మంట చల్లారింది. దుమ్ముకొట్టుకుపోయిన మొహంతో, చిట్లిన పెదవితో వెళ్ళి నిలబడింది.

"ఈ అమ్మాయి తాలూకు ఎవరండీ?" అన్నాడు సారు.

టీచరమ్మ ముందుకి అడుగు వేసింది. అంతకంటే ముందు తల్లి వెళ్ళింది. సంచీ ఇంకా చంకలోనే ఉంది.

"నేనేనండి. నా పిల్లేనండి."

"అమ్మాయిని గుంటూరు పంపించాలమ్మా. అక్కడ క్యాంపు, ఆ తర్వాత ట్రైనింగు. మధ్యలో ఇంటికి పంపడం కుదరదు. మీకేమన్నా ఇబ్బంది ఉందా?"

ఆవిడ కూతురి చెయ్యి తీసుకుని, అరచెయ్యి తిప్పి చూసింది. ఆ పిల్ల తల ఎత్తలేదు.

"ఎందుకుండదండి, ఉంది" అంది ఆవిడ. "తాడు పట్టే చెయ్యి పోద్ది." పుస్తకాల సంచీ చంకలోంచి తీసి కూతురి భుజానికి తగిలించింది. "అయినా తీసుకెళ్ళండి బాబూ. వల నేను లాగుతాను."